నాస్‌కు పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనిపించకపోతే: తప్పు ఎక్కడుందో వరుసగా వెతికే పద్ధతి

ఇంట్లో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునేలా ఫైళ్లు దాచే పెట్టె) ఉన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ సమస్య వస్తుంది. పెళ్లి వీడియోలో, పిల్లల చిన్నప్పటి ఫొటోలో ఉన్న పాత హార్డ్ డిస్క్ బయటకు తీసి నాస్ వెనక యూఎస్‌బీ పోర్టుకు పెడతాం. లైటు వెలుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. వెంటనే దాన్ని తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టడం, అది అడిగిన ప్రశ్నకు కంగారులో ఓకే నొక్కేయడం చాలామంది చేసే పని. అప్పటిదాకా డిస్క్‌లో డేటా భద్రంగానే ఉంటుంది. అసలు నష్టం ఆ ఓకేతో మొదలవుతుంది.

డిస్క్ కనిపించకపోవడానికి కారణాలు నాలుగు చోట్ల ఉంటాయి. డిస్క్‌కు కరెంటు చాలకపోవచ్చు. కరెంటు అందినా కేబుల్, పోర్టు, డబ్బాలోని చిప్ వీటిలో ఏదో ఒకటి సరిగా పనిచేయకపోవచ్చు. అవన్నీ బాగున్నా డిస్క్ మీద ఉన్న ఫార్మాట్, అంటే ఫైళ్లను అమర్చిన తీరు, నాస్‌కు అర్థం కాకపోవచ్చు. అదీ అర్థమై డిస్క్ నాస్‌లోకి ఎక్కినా, మీ ల్యాప్‌టాప్‌కో టీవీకో కనిపించకపోవచ్చు. ఈ వరుసలోనే వెతకాలి. కేబుల్ చూడకుండా ఫార్మాట్ జోలికి వెళ్లడమే అన్నిటికంటే ప్రమాదం.

మెనూల పేర్లు సైనాలజీ కంపెనీ నాస్‌లలో నడిచే డీఎస్ఎం 7 సాఫ్ట్‌వేర్ ప్రకారం చెబుతున్నాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఓపెన్‌మీడియావాల్ట్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. క్యూనాప్ కంపెనీ నాస్ ఉన్నవాళ్లు ఇవే విషయాలను స్టోరేజ్ అండ్ స్నాప్‌షాట్స్‌లోని ఎక్స్‌టర్నల్ స్టోరేజ్ దగ్గర చూసుకోవచ్చు.

ముందు చేయకూడనివి

విండోస్‌కు పెట్టగానే ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినప్పుడు ఇనీషియలైజ్ డిస్క్ అంటూ ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని అడగవచ్చు. దానికీ క్యాన్సిలే సమాధానం. ఇనీషియలైజ్ చేస్తే పాత పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) మీద కొత్తది రాసేస్తుంది. సైనాలజీలో ఎక్స్‌టర్నల్ డివైసెస్ పేజీలోనూ ఫార్మాట్ బటన్ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు.

డిస్క్ నుంచి టక్కు టక్కుమని ఒకే లయలో శబ్దం ఆగకుండా వస్తుంటే ఇక ఏ ప్రయోగమూ చేయకండి. వైరు తీసేయండి. లోపల డేటా చదివే హెడ్ తన చోటు వెతుక్కోలేక అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. అలా తిరిగిన ప్రతి నిమిషానికీ ప్లాటర్ (డేటా ఉండే గుండ్రటి పళ్లెం) మీద గీత పడే అవకాశం పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న సలహాను నమ్మకండి. చల్లటి లోహం మీద తేమ పట్టి ఉన్నదీ పోతుంది. అందులో ఉన్నది మళ్లీ దొరకనిదైతే క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న డేటా రికవరీ సంస్థకే ఇవ్వాలి. బల్ల మీద మూత విప్పి చూస్తామనే షాపుకు ఇవ్వకండి.

మొదటి మెట్టు: కరెంటు

ఎక్కువసార్లు తప్పు దొరికేది ఇక్కడే. అందుకే కాస్త ఓపికగా చూడాలి.

జేబులో పట్టే చిన్న డిస్క్‌లు రెండున్నర అంగుళాలవి. వీటికి వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ వైరులోంచే కరెంటు తీసుకుంటాయి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు ఇచ్చేది 900. డిస్క్ తిరుగుతున్నప్పుడు అంత అవసరం లేదు గానీ, ఆగి ఉన్న మోటారు మొదటిసారి తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో చాలా మోడళ్లు 1 ఆంపియర్ దాకా లాగుతాయి. లైటుకు కావలసింది చాలా కొద్ది కరెంటు. అందుకే లైటు వెలిగినంత మాత్రాన డిస్క్‌కు కరెంటు చాలినట్టు కాదు.

పరీక్ష తేలికే. డిస్క్‌ను బల్ల మీద పెట్టి, డబ్బా మీద వేలు ఆనించి, వైరు గుచ్చండి. బాగున్న డిస్క్ అయితే సన్నటి అదురు మొదలై, వేగం పెరుగుతూ పోయి, కొన్ని సెకన్లలో ఒకే తీరున స్థిరపడుతుంది. అదురు మొదలై ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే కరెంటు చాలడం లేదు. సన్నగా బీప్ బీప్ అన్నట్టు వినిపిస్తే మోటారు తిరగబోయి తిరగలేకపోతోంది. దీనికీ కరెంటు చాలకపోవడమే కారణం కావచ్చు, లేదా హెడ్ ప్లాటర్‌కు అతుక్కుపోయి ఉండవచ్చు. వేరే పోర్టులో, వేరే కేబుల్‌తో కూడా బీప్ వస్తే పైన టక్కు టక్కు శబ్దానికి చెప్పినట్టే వదిలేయాలి.

రాస్ప్‌బెర్రీ పై వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. పై 5లో 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీకి దక్కేది 600 మిల్లీఆంపియర్లు. కంపెనీవారి 27 వాట్ల అడాప్టర్ పెడితేనే 1.6 ఆంపియర్లు వస్తాయి. ఫోన్ చార్జర్‌తో పైని నడుపుతూ దానికి రెండు డిస్క్‌లు తగిలిస్తే అవి నిలబడవు. సిస్టం లాగ్‌లో అండర్‌వోల్టేజ్ అన్న వరుస కనిపిస్తే ముందు అడాప్టర్ మార్చాలి, మిగతావి తర్వాత. డిస్క్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనడమే మేలు. అడాప్టర్ లేని హబ్ ఉన్న కొద్దిపాటి కరెంటునే పంచుతుంది, సమస్య ఇంకా పెరుగుతుంది. సైనాలజీకి కూడా డిస్క్‌ను హబ్ ద్వారా కాకుండా నేరుగా పెట్టి చూడండి.

మూడున్నర అంగుళాల పెద్ద డిస్క్‌లకు 12 వోల్టుల అడాప్టర్ విడిగా వస్తుంది, తరచూ 1.5 ఆంపియర్లది. ఇక్కడ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. వైఫై రౌటర్ అడాప్టర్ కూడా చాలావరకు 12 వోల్టులే, దాని పిన్ను కూడా డిస్క్‌లో చక్కగా దూరుతుంది. టీవీ వెనక సర్దేటప్పుడు రెండూ తారుమారవుతాయి. అర ఆంపియరో, ఒక ఆంపియరో ఇచ్చే రౌటర్ అడాప్టర్‌తో డిస్క్ లైటు వెలుగుతుంది గానీ మోటారు పూర్తి వేగం అందుకోదు. అడాప్టర్ మీద సన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని రాసి ఉన్న వరుస చదివి, డిస్క్ వెనక రాసినదానితో సరిపోల్చండి. వోల్టులు ఖచ్చితంగా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు. పొరపాటున 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చితే బోర్డు మీద రక్షణ కోసం పెట్టిన డయోడ్ కాలిపోతుంది. అలాంటప్పుడు ప్లాటర్ల మీద డేటా ఉండే అవకాశం బాగా ఉంటుంది, బోర్డు బాగుచేసేవాళ్లు దాన్ని తిరిగి నడిపించగలరు. కాబట్టి పారేయకండి.

రెండో మెట్టు: కేబుల్, పోర్టు

కేబుల్ మార్చి చూడకుండా ఇంకేదీ అనుమానించకూడదు. చిన్న డిస్క్‌లకు వచ్చే వెడల్పాటి, మధ్యలో నొక్కు ఉన్న పిన్ను, అంటే మైక్రో-బీ, చాలా త్వరగా వదులవుతుంది. పిన్ను కొద్దిగా పక్కకు ఒరిగినా లైటు వెలుగుతుంది, డేటా మాత్రం బదిలీ కాదు.

దీనికి మంచి పరీక్ష ఒకటుంది, చాలామందికి తెలియదు. ఆ వెడల్పు సాకెట్‌లో రెండు భాగాలుంటాయి. పెద్ద భాగంలో పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ సరిగ్గా పడుతుంది. డేటా కూడా పంపే పాత ఫోన్ కేబుల్ తీసి అందులో పెట్టి చూడండి. డిస్క్ యూఎస్‌బీ 2 వేగంతో నెమ్మదిగా పనిచేస్తే డిస్క్ బాగున్నట్టే. యూఎస్‌బీ 3కి వాడే తీగలో, పిన్నో దెబ్బతిన్నదని తేలిపోయింది. ముందు ఆ నెమ్మది వేగంతోనే ముఖ్యమైనవి కాపీ చేసుకోండి, కొత్త కేబుల్ సంగతి తర్వాత.

టైప్-సీ వైపు మోసం వేరేలా ఉంటుంది. ఫోన్ల కోసం కొన్న కొన్ని చవక కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి. సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, వీధి చివరి మొబైల్ షాపులో కొన్నా హార్డ్ డిస్క్‌కు, డేటా పంపే కేబుల్ కావాలి అని చెప్పి అడగండి. పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు మీటర్ల కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయి, బాగున్న డిస్క్ కూడా మొరాయిస్తుంది.

పోర్టు కూడా మార్చి చూడాలి. నాస్ ముందువైపు పోర్టు ఉంటే అక్కడ, వెనక ఉంటే రెండిట్లోనూ పెట్టండి. ఒకే పోర్టులో అన్ని డిస్క్‌లూ ఫెయిలవుతుంటే తప్పు నాస్ పోర్టుది. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అరనిమిషంలో తేలుతుంది.

మూడో మెట్టు: కంప్యూటర్‌కు పెట్టి చూడడం

ఇప్పుడు మాత్రమే ల్యాప్‌టాప్ దగ్గరకు వెళ్లాలి. విండోస్‌లో స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చూసి నిర్ణయానికి రావద్దు, డ్రైవ్ లెటర్ లేని డిస్క్ అక్కడ కనబడదు. కింది సగంలో మీ డిస్క్ సైజుకు దగ్గరగా ఉన్న పెట్టె ఉందా అని వెతకండి. 1 టీబీ డిస్క్ అక్కడ సుమారు 931 జీబీగా కనిపిస్తుంది, అది తప్పు కాదు.

పెట్టె అసలు లేకపోతే మొదటి రెండు మెట్లలోనే సమస్య ఉంది, లేదా డిస్క్ పోయింది. పెట్టె ఉండి, సైజు సరిగా ఉండి, లోపల ఎన్‌టీఎఫ్ఎస్ అనో ఎక్స్‌ఫ్యాట్ అనో ఫార్మాట్ పేరు రాసి, హెల్దీ అని ఉంటే డిస్క్ భేషుగ్గా ఉంది, నాస్ వైపే చూడాలి. సైజు సరిగా ఉండి రా (RAW) అనో, అనలొకేటెడ్ అనో, నాట్ ఇనీషియలైజ్డ్ అనో ఉంటే పార్టిషన్ సమాచారం చెడింది, డేటా బహుశా అలాగే ఉంటుంది. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పోయిన పార్టిషన్‌ను వెతికి పెడుతుంది. కానీ ముందు ఆ డిస్క్‌ను మొత్తంగా ఇంకో డిస్క్ మీదకు క్లోన్ చేసుకుని, ఆ నకలు మీదే పనిచేయండి.

సైజు సున్నా అని చూపిస్తే జాగ్రత్త. డబ్బాలో డిస్క్ ఒకటి, దానికీ యూఎస్‌బీకీ మధ్య బ్రిడ్జి చిప్ ఒకటి ఉంటాయి. డిస్క్ చచ్చిపోయినా చిప్ మాత్రం నేనున్నానని కంప్యూటర్‌కు చెబుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో నడిచే లైనక్స్‌లో కూడా ఇదే కథ. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌లో పేరు ఉంటుంది, డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk)లో ఉండదు. అలా వస్తే చిప్ పలుకుతోంది, వెనకున్న డిస్క్ పలకడం లేదు.

అయితే డబ్బా విప్పి డిస్క్‌ను వేరే డబ్బాలో వేద్దాం అనుకునేవాళ్లు మూడు సంగతులు తెలుసుకోవాలి. చాలా చిన్న డిస్క్‌లలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది, వేరే డబ్బాకు కలపడానికి కావలసిన సాటా పిన్నులే లోపల ఉండవు. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్, మై బుక్ మోడళ్లలో చాలావాటికి ఆ చిప్పే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. చిప్ మారితే లోపలిదంతా అర్థంలేని అక్షరాలే. ఇక కొన్ని పెద్ద డబ్బాలు సెక్టార్ సైజును 512 బైట్లకు బదులు 4096 బైట్లుగా చూపిస్తాయి. ఆ డిస్క్‌ను ఇంకో డబ్బాలో వేస్తే డేటా పూర్తిగా ఉన్నా రా అని కనిపిస్తుంది. అలాంటప్పుడు పాత డబ్బాలోనే తిరిగి వేయడం వైద్యం.

నాలుగో మెట్టు: నాస్ ఏమంటోంది

సైనాలజీలో చాలామంది స్టోరేజ్ మేనేజర్ తెరిచి అక్కడ లేదని కంగారు పడతారు. ఆ పేజీ లోపల బిగించిన డిస్క్‌ల కోసం. యూఎస్‌బీ డిస్క్ కోసం కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్స్‌టర్నల్ డివైసెస్ చూడాలి. అక్కడ డిస్క్ పేరు ఉండి, ఫైళ్లు చూపే ఫైల్ స్టేషన్ యాప్‌లో ఫోల్డర్ రాకపోతే సమస్య ఫార్మాట్‌ది.

ఎన్‌టీఎఫ్ఎస్, ఫ్యాట్, ఈఎక్స్‌టీ4 డిస్క్‌లను డీఎస్ఎం తనంతట తానే చదువుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు మాత్రం ప్యాకేజ్ సెంటర్ నుంచి ఎక్స్‌ఫ్యాట్ యాక్సెస్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. ఒకప్పుడు దాన్ని డబ్బు కట్టి కొనాల్సి వచ్చేది, ఇప్పటి డీఎస్ఎంలలో ఉచితం. కొత్త డిస్క్‌లు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లోనే వస్తున్నాయి కాబట్టి ఈ ఒక్క ప్యాకేజీతో తీరిపోయే కేసులు బోలెడు. రాస్ప్‌బెర్రీ పైలో ఈ బెడద తక్కువ. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టాక, 2020లో వచ్చిన లైనక్స్ కెర్నల్ (సిస్టం మూల భాగం) 5.7 నుంచి దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటోంది.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలు మ్యాక్‌లో ఫార్మాట్ చేసి ఇచ్చిన డిస్క్ అయితే అది యాపిల్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్ కావచ్చు. దాన్ని సైనాలజీ చదవదు. మ్యాక్‌కు పెట్టి, అందులోంచి నెట్‌వర్క్ ద్వారా నాస్‌కు కాపీ చేయడం తేలికైన దారి. ఆఫీసు ల్యాప్‌టాప్‌తో వాడిన డిస్క్ అయితే బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉండవచ్చు. దాన్ని కూడా నాస్ తెరవలేదు. విండోస్‌లో పాస్‌వర్డో, 48 అంకెల రికవరీ కీనో ఇచ్చి తెరిచి, అక్కడి నుంచే కాపీ చేసుకోవాలి.

ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఎక్కకపోతే, దాన్ని విండోస్ నుంచి ఎజెక్ట్ చేయకుండా లాగేశారేమో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు డిస్క్ మీద, సరిగా మూయలేదని చెప్పే డర్టీ గుర్తు పడుతుంది, లైనక్స్ ఆధారిత నాస్‌లు రాయడానికి ఒప్పుకోవు, కొన్నిసార్లు ఎక్కించుకోవడానికే ఒప్పుకోవు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి తీసినా ఇలా జరగొచ్చు, ఎందుకంటే అది పూర్తి షట్‌డౌన్ కాదు. డిస్క్‌ను మళ్లీ విండోస్‌కు పెట్టి, ముఖ్యమైనవి కాపీ చేసుకుని, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. అయ్యాక ఎజెక్ట్ చేసి నాస్‌కు పెట్టండి. శబ్దం చేస్తున్న డిస్క్‌కు మాత్రం ఈ చెక్ చేయించవద్దు, ఆ శ్రమకు పూర్తిగా పోతుంది.

ఐదో మెట్టు: నాస్‌కు కనిపిస్తోంది, మీకు కనిపించడం లేదు

డీఎస్ఎంలో బయటి డిస్క్ యూఎస్‌బీషేర్1 లాంటి పేరుతో షేర్డ్ ఫోల్డర్ అవుతుంది. అడ్మిన్‌గా చూస్తే కనిపించి, ఇంట్లో మిగతావాళ్లకు కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో షేర్డ్ ఫోల్డర్ దగ్గర ఆ యూజర్‌కు పర్మిషన్ ఇవ్వాలి. రెండు డిస్క్‌లు మార్చి మార్చి పెట్టేవాళ్లకు ఇంకో చిక్కు. పెట్టిన వరుసను బట్టి రేపు అదే డిస్క్ యూఎస్‌బీషేర్2 కావచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో మ్యాప్ చేసుకున్న పాత డ్రైవ్ ఖాళీగా కనబడుతుంది.

డిస్క్‌ను నాస్‌కు కాకుండా పాత వైఫై రౌటర్‌కు పెట్టినవాళ్లకు కారణం తరచూ ఎస్‌ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి. చాలా పాత రౌటర్లకు ఆ ఒక్క పద్ధతే తెలుసు. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్తగా వేసే విండోస్‌లో అది ఉండదు. భద్రత లేని పద్ధతి కాబట్టి తిరిగి ఆన్ చేయమని నేను చెప్పను. ఆ రౌటర్‌కు వీడ్కోలు చెప్పడమే నయం.

కనిపించి మాయమయ్యే డిస్క్

పెట్టగానే వచ్చి, పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే మాయమైతే మళ్లీ మొదటి మెట్టు చూడండి. అది బాగుంటే, రాస్ప్‌బెర్రీ పైలో యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతిని అనుమానించాలి. కొన్ని బ్రిడ్జి చిప్‌లు దాన్ని సరిగా నడపలేవు. లాగ్‌లో పరికరం రీసెట్ అయినట్టు వరుసలు పదే పదే కనిపిస్తాయి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ చూపే ఆ చిప్ ఐడీని బూట్ విభాగంలోని కమాండ్‌లైన్ (cmdline.txt) ఫైల్‌లో యూఎస్‌బీ స్టోరేజ్ క్వర్క్స్ (usb-storage.quirks) అనే పరామితిగా చేర్చి యూఏఎస్‌ను ఆపవచ్చు. ఆ ఫైల్‌లో ఉన్నదంతా ఒకే వరుస. దాని చివర ఖాళీ వదిలి చేర్చాలి, కొత్త వరుసలో రాస్తే పనిచేయదు. వేగం కొంత తగ్గుతుంది, డిస్క్ మాత్రం నిలబడుతుంది.

రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి లేకుండా పోయే డిస్క్‌కు నిద్ర కారణం. సైనాలజీలో హార్డ్‌వేర్ అండ్ పవర్‌లో హెచ్‌డీడీ హైబర్నేషన్ దగ్గర యూఎస్‌బీ డిస్క్ సమయాన్ని నన్ (None) అని పెట్టి రెండు రోజులు గమనించండి.

కరెంటు పోయి వచ్చాక కనిపించకపోవడం మన దగ్గర అన్నిటికంటే మామూలు. ఇన్వర్టర్ ఉన్నా, దాని వెనక యూపీఎస్, ఎకో అని ఉండే స్విచ్ ఎకోలో ఉంటే లైన్ మారే ఆ క్షణంలో డిస్క్ ఆగిపోతుంది. ఫ్యాన్‌కు అది తెలియదు, డిస్క్‌కు తెలుస్తుంది. స్విచ్ యూపీఎస్ వైపు పెట్టండి. అప్పటికే డిస్క్ మాయమై ఉంటే నాస్‌ను షట్‌డౌన్ చేసి, పెద్ద డిస్క్‌కు ముందు కరెంటు ఇచ్చి, అది పూర్తిగా తిరిగాక నాస్ ఆన్ చేయండి. నాస్ కోసం విడిగా యూపీఎస్ కొన్నవాళ్లు బయటి డిస్క్ అడాప్టర్‌ను కూడా అదే యూపీఎస్‌లో గుచ్చాలి. లేకపోతే కరెంటు పోగానే నాస్ నడుస్తూనే ఉంటుంది, రాస్తున్న డిస్క్ మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ డర్టీ గుర్తు పడుతుంది.